నూకాలమ్మ వాటం

వాన నీరు ఇంటి మీద పడ్డాక ఎక్కడికి పోతుందని ఇంటివాళ్ళు ఎవరూ అడగరు. అది తిరిగి ఇంట్లోకి వచ్చినప్పుడు మాత్రం అందరూ కలిసి మనల్ని అడుగుతారు. నా పని జీవితమంతా ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడంతోనే గడిచింది. వంతెన కట్టినవాడి పేరు రాతి పలక మీద ఉంటుంది. నేల కింద గొట్టాలు వేసినవాడి పేరు గొట్టం పగిలిన రోజునే జ్ఞాపకం వస్తుంది, అదీ మంచి మాటలతో కాదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ ఉద్యోగం ఎప్పుడు వచ్చిందో, ఏ ఊరికి బదిలీ అయిందో మీకు అక్కర్లేదు. నేను పని నేర్చుకున్నది పందొమ్మిది వందల అరవైల చివర్లో, రాజాంలో. నేర్చుకున్నదాంట్లో సగం మా కంట్రాక్టరు దగ్గర. మిగతా సగం ఒక మట్టిగోడ దగ్గర. ఆ గోడను దాదాపు కూల్చినవాణ్ణి నేనే కనుక ఆ సంగతి నేను చెబితేనే బాగుంటుంది.

తవిటినాయుడు గారి ఉంగరం

డిప్లొమా చేతికి వచ్చిన కొత్తలో తవిటినాయుడు గారనే కంట్రాక్టరు దగ్గర చేరాను. చెవి మీద పెన్సిలు, జేబులో రసమట్టం పెట్టుకుని తిరిగేవాణ్ణి. రసమట్టం అవసరం లేని చోట కూడా తీసి చూసేవాణ్ణి. ఒకసారి టీ కొట్టు బల్ల మీద పెట్టి, బల్ల వంకరగా ఉందని కొట్టువాడికి చెప్పాను. "టీ ఒలికినాదేటి బాబూ?" అన్నాడు. ఒలకలేదు.

నాయుడు గారు గొట్టాలు కొనే పద్ధతి వేరు. దుకాణం ముందు పింగాణీ పూత గొట్టాలను వరసగా నిలబెట్టించి, వేలికున్న వెండి ఉంగరంతో ఒక్కొక్కదాన్నీ కొట్టి చెవి ఒగ్గేవారు.

"ఇన్నావా? ఇది గంటలాగ పలుకుతాది. ఇది సూడు, జొరమొచ్చినోడు దగ్గినట్టుంది. పక్కనెట్టీ."

"నాయుడు గారూ, పైకి పగులు కనబడడం లేదండీ," అన్నాను.

"పగులు నీకు కనబడాలని దానికేటి పని? నీరు సూసుకుంటాది."

అది నిజమే. ఇప్పటి ప్లాస్టిక్ గొట్టాలకు ఉంగరం పనికిరాదు కాని, పింగాణీ గొట్టం దొరికితే కొట్టి చూడండి. మొద్దుగా పలికినదాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.

కుమ్మరి చేసే మట్టి గొట్టాలు పెరటి అవతల ఖాళీ జాగాకు చాలు. ఇంటి కింద మాత్రం వద్దు. అవి నీరు పారనివ్వడంతో ఊరుకోవు, తాగుతాయి కూడా. డాబా మీంచి నీటిని కిందికి దించేందుకు పోత ఇనుము మంచిది. భోగాపురం వైపు ఉప్పు గాలిలో దానికి తుప్పు తొందరగా పడుతుంది కనుక రంగు వేయడం మానకూడదు. సిమెంటు రేకు గొట్టం తేలిక, చూపుకు బాగుంటుంది, దెబ్బకు ఆగదు. గేదెకు వీపు దురద పుట్టినప్పుడు గోడకు బిగించిన గొట్టం కంటే హాయైన వస్తువు మరొకటి లేదు. నేను ముచ్చటపడి పెట్టించిన సిమెంటు గొట్టాన్ని ఒక రైతుగారి గేదె ఒక్క పూటలో నేలపాలు చేసింది. నాయుడు గారు వచ్చి ముక్కలు చూశారు. గేదె పక్కన నన్ను నిలబెట్టి, దాని వీపు ఎత్తు నాకు ఎక్కడికి వస్తుందో చూశారు.

"ఇక్కడి దాకా ఇనుం. ఆపైన నీ ఇష్టం."

ఆ కొలత ఏ పుస్తకంలోనూ లేదు. నేను జీవితాంతం పాటించాను.

నోరు ఎటు ఉండాలి

పింగాణీ గొట్టానికి ఒక కొస సన్నంగా, మరో కొస వెడల్పుగా ఉంటుంది. వెడల్పు కొసను మా వైపు నోరు అంటారు. ఒక గొట్టం సన్న కొస మరో గొట్టం నోట్లో కూర్చుంటుంది. నోరు ఎప్పుడూ నీరు వచ్చే వైపుకే ఉండాలి. అప్పుడు నీరు ఒక గొట్టంలోంచి మరోదాంట్లోకి అడ్డు లేకుండా జారుతుంది. తిప్పి పెడితే నీరు అతుకు దగ్గర అంచుకు కొట్టుకుంటుంది. చెత్త ఆ అంచును పట్టుకుంటుంది. అతుకులోని సిమెంటు సడలి నీరు నేలలోకి దిగుతుంది. ఇది మొదటి సంవత్సరం పాఠం. నాకు బాగా వచ్చు. పరీక్షలో బొమ్మ కూడా వేశాను.

రాజాంలో అప్పారావు గారని గోగునార వ్యాపారి ఉండేవారు. వాళ్ళ వీధిలో ఇళ్ళు రైలు పెట్టెల్లా ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే మట్టిగోడ. ఆ గోడకు అవతలి ఇల్లు అప్పారావు గారి చెల్లెలు గౌరిది. భర్త కూర్మారావు, వ్యవసాయం. తల్లి నూకాలమ్మ గారు కొడుకు దగ్గర ఉండేవారు. తల్లీ కూతుళ్ళు కూరలు ఇచ్చిపుచ్చుకునేందుకు గోడలో గిన్నె పట్టేంత కన్నం ఒకటి ఉండేది. ఇవతల తల్లి వంటగది, అవతల సరిగ్గా కూతురి పొయ్యి.

అప్పారావు గారు పెరటి వైపు నార నిల్వకు డాబా వేశారు. అంతకు ముందు పెరటి నీరు వెనక పొలాల్లోకి పోయేది. ఇప్పుడు వెనక ఎవరో గోడ కట్టేశారు. ఇక పెరటి నీరంతా ఇంటి కిందుగా, ఆ మట్టిగోడ వెంబడే, గొట్టంలో వీధి కాలువలోకి రావాలి. నాయుడు గారు ఆ వారం భోగాపురం పని మీద ఉన్నారు. ఈ పని నా చేతుల్లో పెట్టారు.

గొట్టాలను ఇంటి ముందు, కందకంలో పడే వరసలోనే పరిపించాను. నూకాలమ్మ గారు బయటికి వచ్చి చూసి ఆగిపోయారు.

"ఇదేటి బాబూ, అన్నీ నోరు తెరుసుకొని మా ఇంటికేసి సూస్తన్నాయి?"

"నీరు వచ్చే వైపు నోరు ఉండాలమ్మా."

"ఆకలేసినోడు కూకున్నట్టు ఉన్నాది. ఇంటికేసి నోరు తెరిస్తే ఏటి తింటాది? ఇంటినే తింటాది. ఈదికేసి తిప్పీ బాబూ."

"అమ్మా, ఆయన సదువుకున్నోడు. ఆయనకి తెల్దేటి?" అన్నారు అప్పారావు గారు.

"సదువుకున్నోడు కాబట్టే సెప్తన్నాను. సదువు లేనోడైతే ఇనడు."

ఆ మాటకు నేను పడిపోయాను. దాని వెనకే భోజనం పెట్టారు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర. నోట్లో ఆవిడ కూర పెట్టుకుని ఆవిడ మాట కాదనడం నాకు చేతకాలేదు. పెద్దవాళ్ళ మీద గౌరవం అని అప్పుడు అనుకున్నాను. గౌరవం కాదు. ఎవరికీ కానివాణ్ణి కాకూడదనే యావ. ఆ యావ నాకు చిన్నప్పటి నుంచీ ఉంది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. వాలు సరిగ్గా ఇస్తే నోరు ఎటున్నా నీరు పోతుందిలే అని నాకు నేనే ఒక సిద్ధాంతం చెప్పుకున్నాను. చేయి కడుక్కుని వచ్చి, గొట్టాలు తిప్పమన్నాను.

మేస్త్రి నా మొహంలోకి చూశాడు.

"ఇది కొత్త పద్ధతి," అన్నాను.

"కొత్తదైతే మంచిదే బాబూ. పోతే మీదే గదా," అన్నాడు.

పని అయ్యాక గొట్టం లోపల అడ్డేమీ లేదని చూసేందుకు పెరటి వైపు నుంచి నిమ్మకాయ వేసి, చెంబుడు నీళ్ళు పోసి, వీధిలోకి దొర్లించాను. మేము మామూలుగా చేసే పరీక్షే. నూకాలమ్మ గారు మాత్రం చేతులు జోడించారు. ఇంజనీరు బాబు దిష్టి కూడా తీశాడని వీధంతా చెప్పారు. నేను కాదనలేదు.

పేరు రావడం

జ్యేష్ఠ, ఆషాఢ మాసాల వానలకు గొట్టం బ్రహ్మాండంగా పనిచేసింది. అతుకుల్లో సిమెంటు కొత్తది. ఆ సంవత్సరం గోగునార వ్యాపారం కూడా కలిసివచ్చింది. గొట్టం నోరు వీధికేసి ఉండడం వల్లే బయటి లక్ష్మి లోపలికి వస్తోందని నూకాలమ్మ గారు తేల్చారు. ఇంట్లో నీరు బయటికి పోతూ ఉంటే లక్ష్మి ఎదురెలా వస్తుందని ఎవరూ అడగలేదు.

మా పనిలో వాటం అంటే నీరు పారేందుకు ఇచ్చే వాలు. బజారులో ఇప్పుడు ఇంకో వాటం పుట్టింది. ఒక రోజు టీ కొట్టు దగ్గర ఒక పెద్దమనిషి నన్ను ఆపాడు.

"బాబూ, మా ఇంటికి గొట్టాలు ఎయ్యాల. మామూలు వాటం వొద్దు. నూకాలమ్మ వాటం ఎయ్యండి."

నేను నవ్వి ఒప్పుకున్నాను. ఇంకొకరు అడిగితే వాళ్ళకూ ఒప్పుకున్నాను. ఆశ్వయుజంలో ముసురు పట్టి ఆ పనులు ఆగిపోయాయి కనుక ఆ రెండు కుటుంబాలూ బతికిపోయాయి.

గాదెలో ఆకుమడి

ముసురు రోజుల తరబడి వదలలేదు. ఒక పొద్దున్న అప్పారావు గారి ఇంటి అరుగు మీద నేను ఉండగానే కూర్మారావు గోనెసంచి నెత్తిన కప్పుకుని వచ్చాడు. గుప్పెట్లో పచ్చగా ఏదో ఉంది.

"బావా, మా గాదెలో ఆకుమడి ఏసినావేటి? జానెడు మొలకలు లేసినాయి. నాట్లకి కూలోళ్ళని నువ్వే తెస్తావా, నన్ను తెమ్మంటావా?"

వాళ్ళ ధాన్యం గాదె కూడా ఆ ఉమ్మడి గోడకే ఆనుకుని ఉంది. కొత్త పంట దాకా తినాల్సిన గింజలు అవి.

"నా ఇంట్లో నార ఉన్నాది గాని నీరెక్కడిది? ఇంజనీరు బాబు ఇక్కడే ఉన్నాడు, అడుగు," అన్నారు అప్పారావు గారు.

ఇద్దరూ నా వైపు తిరిగారు. తవ్వి చూడకుండానే కారణం నాకు తెలుసు. పెరట్లో నార పీచులు ఎన్ని రాలి ఉంటాయో తెలుసు. అవి వాన నీటితో గొట్టంలోకి వెళ్ళి, తిరగేసిన ప్రతి అంచునూ పట్టుకుని ఉంటాయని తెలుసు. నోరు తెరిచి నేనన్నది ఇది:

"ఎలుకలు కన్నాలు పెట్టి ఉంటాయండీ. వీధి నీరు వాటిగుండా..."

"మా ఎలకలా!" అన్నాడు కూర్మారావు. "మా ఎలకలు మీ ఇంట తిని మా ఇంట తొంగుంటాయి బాబూ. కన్నాలెట్టే ఓపిక ఆటికెక్కడిది?"

"ఇంజనీరు సెప్పినాక ఇంకేటి బావా? నీ ఎలకల్ని నువ్వు సూసుకో," అన్నారు అప్పారావు గారు.

మాటా మాటా పెరిగింది. నవ్వుతూ మొదలైనది నవ్వుతూ ఆగలేదు. కూర్మారావు ఇంటికి పోయి గోడలోని కన్నంలో గోనెసంచి కుక్కేశాడు. ఆ పూట గౌరి చేసిన కూర ఇవతలికి రాలేదు, తల్లి చేసిన పచ్చడి అవతలికి పోలేదు.

పిల్లలూ, గొట్టాలు తిప్పి వేయడం మొదటి తప్పు. అది తెలివితక్కువతనం అనుకోవచ్చు. ఈ రెండోదానికి ఆ పేరు కూడా సరిపోదు.

గోడ

నాలుగు రోజులు పోయాక నాయుడు గారికి కబురు వెళ్ళింది. ఆయన వచ్చేసరికి వంటగది వైపు గోడ అడుగు నల్లగా నాని, నడుమ కడుపు వచ్చినట్టు అవతలికి ఉబ్బింది. పడితే అవతలికే పడుతుంది. అవతల గౌరి పొయ్యి ఉంది.

నూకాలమ్మ గారు ఆ గోడ ముందు నిలబడి ఉన్నారు. పిలిపిస్తే కూర్మారావూ వచ్చాడు కాని గుమ్మం దగ్గరే ఆగాడు.

"అల్లుడూ, గౌరిని పొయ్యి అక్కడ ఎట్టొద్దని సెప్పు," అన్నారు ఆవిడ.

"మా పొయ్యి సంగతి మీకేల అత్తా? ఎలకలు మావే, గోడ మాదే, పొయ్యీ మాదే."

నాయుడు గారు అరచెయ్యి గోడకు ఆనించి చాలాసేపు ఉంచారు. తరువాత నా వైపు చూశారు.

"నీ గొట్టం ఎలగుంది?"

"బాగుందండీ" అన్న మాట నాలిక చివరకు వచ్చింది. అప్పుడే గోడకు అవతల గౌరి ఊదుగొట్టంతో పొయ్యి ఊదుతున్న చప్పుడు వినబడింది. ఫూ, ఫూ అని. కట్టెలు తడిసి ఉంటాయి, గట్టిగా ఊదుతోంది. మోకాళ్ళ మీద వంగి, మొహం పొయ్యి దగ్గర పెట్టి, ఆ ఉబ్బిన గోడ కిందనే.

"గౌరమ్మగారిని ముందు అక్కడి నుంచి లేవమనండి," అన్నాను. "ఎలుకలు కావు. గొట్టాల నోళ్ళన్నీ వీధికేసి ఉన్నాయి. నేనే తిప్పించాను. అతుకులు కారుతున్నాయి."

కూర్మారావు ఒక్క ఉరుకులో వెళ్ళి భార్యను లేపి, పొయ్యి ఆర్పి వచ్చాడు. ముందు అతనే అన్నాడు.

"అంటే మా ఎలకలకి సంబంధం లేదన్నమాట."

"లేదండీ."

"మందెట్టి సంపీసినాను గదా బాబూ!"

అప్పారావు గారికి నవ్వు వచ్చింది. బావ మొహం చూసి దగ్గుగా మార్చుకున్నారు. నాయుడు గారు మాత్రం నవ్వలేదు.

"గొట్టం నోరు తప్పు దిక్కున ఎట్టినావు, సరే. ఇన్నాళ్ళూ నీ నోరు ఏ దిక్కున ఎట్టినావురా?"

నూకాలమ్మ గారు నా దగ్గరికి వచ్చారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నాకు గొట్టాలు తెల్దు బాబూ. నోరు తెలుసు, ఆకలి తెలుసు. నాకు తెలిసింది నాను సెప్పినాను. నీకు తెలిసింది నువ్వెందుకు సెప్పనేదు?"

"మీరు బాధపడతారని..."

"నా కూతురి మీద గోడ పడితే బాద పడనేటి?"

ఇన్నేళ్ళ పనిలో పై అధికారులు చాలామంది సంజాయిషీ అడిగారు. అందరికీ ఏదో ఒకటి రాసి ఇచ్చాను. ఈ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర ఏమీ లేదు. అందుకే చెబుతున్నాను. ఇంటి పెద్దలు అనే మాటను నవ్వి కొట్టిపారేయకండి, నవ్వి ఒప్పుకోనూ వద్దు. కూర్చుని చెప్పండి. వాళ్ళకు కోపం వస్తే భోజనం తరువాత మళ్ళీ చెప్పండి. ఇల్లు వాళ్ళది, ఇష్టాయిష్టాలు వాళ్ళవి. నీరు ఎటు పారుతుందో చెప్పడం మాత్రం మీ పని, అందుకే మిమ్మల్ని పిలిచారు.

తిప్పడం

గోడకు రెండు వైపులా సరుగుడు కర్రలు ఊతంగా నిలబెట్టించాం. ఇంట్లో నేల తవ్వి గొట్టాలు పైకి తీశాం. ప్రతి అతుకు దగ్గరా నార చిక్కుకుని గేదె తోకంత కుచ్చులు బయటపడ్డాయి. అప్పారావు గారు ఒక కుచ్చు చేతిలోకి తీసుకుని, బురద పిండి, వేళ్ళతో సాగదీసి చూశారు.

"సరుకు మంచిదే," అన్నారు తనలో తాను.

గొట్టాలను మళ్ళీ ఉంగరంతో కొట్టి, బాగున్నవి ఏరి, వీధి వైపు నుంచి మొదలుపెట్టి ఎగువకు వేసుకుంటూ వచ్చాం. గొట్టం పొడుగంతా నేల మీద ఆనేలా, నోటి కింద మాత్రం చిన్న గుంట తీసి. ఈసారి నోళ్ళన్నీ ఇంటికేసి. ఒక్కొక్క గొట్టం పెట్టే ముందు ఎందుకు ఇటు పెడుతున్నామో నూకాలమ్మ గారికి చెప్పాను. నాలుగోదానికి ఆవిడ విసుక్కున్నారు.

"తెలిసినాది బాబూ! నీళ్ళు మింగడానికే నోరు. ఒక పాలి సెప్పమంటే ఇన్నిపాలా?"

అయినా పెరట్లో పై గొట్టం నోటికి పసుపు రాసి బొట్టు పెట్టారు. దాని ముందు వంగి, "నీళ్ళే, ఇంకేటీ కాదు" అని గట్టిగా చెప్పారు. నేను అడ్డు చెప్పలేదు. పసుపు వల్ల వాలు మారదు.

కార్తీకంలో మరో వాన వచ్చింది, మొదటిదాని కంటే పెద్దది. నాయుడు గారూ నేనూ గొడుగు వేసుకుని వెళ్ళేసరికి ఎవరి చోట్లలో వాళ్ళు ఉన్నారు. గౌరి తన గోడ అడుగున చెయ్యి పెట్టి చూస్తోంది. కూర్మారావు వీధి కాలువ మీదికి వంగి ఉన్నాడు. పెరట్లో నూకాలమ్మ గారు చేట నెత్తి మీద పెట్టుకుని గొట్టం ముందు నిలబడ్డారు. నీరు సుడి తిరిగి గుటగుటమంటూ లోపలికి పోతోంది.

"మింగుతన్నాది!" అని కేకేశారు ఆవిడ. "గౌరీ, గోడెలగున్నాది?"

"పొడిగున్నాదే అమ్మా!"

"అల్లుడూ, అక్కడ కక్కుతన్నాదా?"

వీధిలోంచి కూర్మారావు గొంతు వానను మించి వినబడింది.

"కక్కుతన్నాది అత్తా! నీళ్ళూ కక్కుతన్నాది, బావ నారా కక్కుతన్నాది!"

గొట్టం నోటికి జాలీ పెట్టడం మరిచిపోయానని అప్పుడు తెలిసింది. ఆ మాట చెబుదామని తిరిగేసరికి అప్పారావు గారు గంప పట్టుకుని వానలో వీధి కాలువ వెంట పరుగెత్తుతున్నారు.